బూడిద దిబ్బ పక్కన దొరికిన కుండల్లో పాలు కాచారా, మాంసం వండారా? పెంకుల్లోని కొవ్వు పరీక్షకు పంపేముందు

పెంకులసంచి

మేం తవ్వుతున్నది కృష్ణా, తుంగభద్రల మధ్య ఒక కొత్త రాతియుగపు ఆవాసం, పక్కనే బూడిద దిబ్బ (పేడ కాల్చిన బూడిద కుప్ప). బూడిద రంగు నునుపు కుండల పెంకులు బాగానే ఉన్నాయి. మూతి అంచులు, పొట్ట ముక్కలు, కొమ్ము (ద్రవం పోసే గొట్టపు మూతి) ఉన్న గిన్నెల ముక్కలు కూడా. ఎముకల్లో ఆవు జాతివే ఎక్కువ. వీళ్లు పశువుల్ని మాంసానికే పెంచారా, పాలు కూడా పిండారా అన్నది తేల్చాలి. చనిపోయిన పశువుల వయసు లెక్క ఒక్కటే దీనికి చాలడం లేదు. పెంకు గోడలో ఇంకిన కొవ్వు చెబుతుందంటున్నారు. 30 పెంకుల దాకా ఖర్చు పెట్టగలం.

ఏ ముక్కలు తీసుకోవాలి? ఒక్కోదానిలో ఎంత పోతుంది? యూనివర్సిటీలో జీసీ-ఎంఎస్ (పదార్థాలను విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తుపట్టే మెషిన్) ఉంది, అది సరిపోతుందా? సగం పెంకులు ఇప్పటికే కడిగి, నంబర్లు వేసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టేశారు. అవి ఇక పనికిరావా? స్టార్చ్ (పిండిపదార్థపు రేణువుల) పరీక్ష చేయిస్తే వండినవన్నీ ఒకేసారి తెలిసిపోతాయని ఒకరు చెప్పారు, అదెంతవరకు నిజం?

గాజుకుప్పె

ఎంపిక దగ్గరే సగం ఫలితం తేలిపోతుందండీ. నీళ్లు పోసి ఉడకబెట్టే కుండలో కొవ్వు పైకి తేలి, నీటిమట్టం దగ్గర గోడలోకి ఇంకుతుంది. అందుకే అంచు, మెడ, భుజం ముక్కల్లో ఎక్కువ, అడుగులో తక్కువ. ఇంగ్లండ్‌లోని వెస్ట్ కాటన్ మధ్యయుగపు వంటకుండల మీద 1993లో వచ్చిన పని దీన్ని కొలిచి చూపించింది. వేపుడుకు వాడిన వెడల్పు పాత్ర అయితే కథ వేరు, అక్కడ అడుగే ముఖ్యం. అంచు ముక్కతో ఇంకో లాభం ఏమిటంటే అది ఏ ఆకారపు పాత్రదో తెలుస్తుంది. ఆకారం తెలియని పొట్ట ముక్కలో పాలకొవ్వు దొరికినా దాంతో చెప్పగలిగేది కొంచెమే.

30 ముక్కల్ని అన్ని పొరలకూ పంచేయకండి. ఒకే దశలో ఉండి, మట్టి కలగని గుంటల నుంచి తీసుకోండి. వంటకుండలు 15, కొమ్ము గిన్నెలు 8, నిల్వ బానలు 7 అనుకుంటే ఆకారాల మధ్య పోలిక నిలుస్తుంది. బానలు ఎందుకంటే, వాటిలోనూ వంటకుండల్లో ఉన్నంత కొవ్వే కనిపిస్తే అది వంటది కాదు, మట్టి నుంచో చేతుల నుంచో వచ్చిందని అనుమానించాలి. వీటికి తోడు ప్రతి గుంట నుంచి పెంకుకు ఆనుకుని ఉన్న మట్టి ఒక గుప్పెడు, రేకులో చుట్టి తెచ్చుకోండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. తర్వాత సమీక్షకులు మొదట అడిగేది అదే.

ఇక ల్యాబ్ పని. పొడి చేసేముందు పెంకును ఫొటో తీసి, అంచు గీత గీసి పెట్టుకోండి, ఆ ముక్క మళ్లీ దొరకదు. లోపలి వైపు పైపొరను 1–2 మిల్లీమీటర్ల మేర చిన్న డ్రిల్లుతో గీకి పారేయాలి. తర్వాత కొత్త బిట్టు పెట్టి అదే చోట 5 మిల్లీమీటర్ల లోతు వరకు పొడి తీయాలి. వేగం తక్కువలో ఉండాలి, పెంకు వేడెక్కితే కొవ్వు పోతుంది. పొడిలోంచి కొవ్వును బయటికి లాగడానికి యాసిడ్ మిథనాల్ పద్ధతి అయితే 1 గ్రాము పొడి చాలు. క్లోరోఫాం–మిథనాల్ పద్ధతికి 2–3 గ్రాములు కావాలి.

యాసిడ్ పద్ధతి ఇలా నడుస్తుంది. 1 గ్రాము పొడిలో సీ34 ఆల్కేన్ (34 కార్బన్ల గొలుసున్న హైడ్రోకార్బన్) 10 మైక్రోగ్రాములు కొలమానంగా వేయాలి. 4 మిల్లీలీటర్ల మిథనాల్ పోసి 15 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టాలి. 800 మైక్రోలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా కలిపి, మూత బిగించి, 70 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచాలి. చల్లారాక సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవాన్ని 2 మిల్లీలీటర్ల హెక్సేన్‌తో మూడుసార్లు లాగాలి. నైట్రోజన్ గాలి కింద మెల్లగా ఆరబెట్టి, మెషిన్‌లో పెట్టేముందు సీ36 ఆల్కేన్ 10 మైక్రోగ్రాములు వేయాలి. సీ34కీ సీ36కీ మధ్య నిష్పత్తి చూస్తే మధ్యలో ఎంత పోయిందో తెలిసిపోతుంది.

మీ దగ్గర ప్రత్యేకంగా చెడిపోయేది ఒకటుంది. బూడిద దిబ్బ పక్క మట్టి క్షారం, పెంకుల్లో సున్నం పేరుకుని ఉంటుంది. ఆమ్లం పోయగానే బుసబుస పొంగుతుంది, ఆమ్లమంతా సున్నానికే ఖర్చయిపోతుంది, కొవ్వు ఆమ్లాలు మెషిన్‌లో కొలిచే ఎస్టర్ల రూపంలోకి మారవు. పొంగు తగ్గాక పీహెచ్ కాగితంతో చూడండి. 3 కంటే పైన ఉంటే ఇంకొంచెం ఆమ్లం కలిపి మళ్లీ చూడాలి. ఇది చూడకుండా వదిలేస్తే ఫలితం ఖాళీగా వస్తుంది, పెంకులో కొవ్వే లేదనుకుంటారు. క్షార మట్టిలో కొవ్వు ఆమ్లాలు కొంత కాల్షియం సబ్బుగా మారి గోడలోనే ఉండిపోతాయి, క్లోరోఫాం వాటిని కరిగించలేదు. మీకు యాసిడ్ పద్ధతే మేలనడానికి ఇదే కారణం. దానికి చెల్లించే మూల్యం: ట్రైగ్లిసరైడ్లు, మైనపు ఎస్టర్లు ఆ వేడి ఆమ్లానికి విడిపోతాయి. తేనెమైనం అనుమానం ఉన్న పెంకులు నాలుగైదింటికి క్లోరోఫాం–మిథనాల్ 2:1 పద్ధతిని విడిగా చేయించండి.

ప్రతి బ్యాచ్‌లో ఒక ఖాళీ గొట్టం, అంటే పొడి లేకుండా మిగతావన్నీ వేసింది, తప్పకుండా ఉండాలి. గాజు సామాను 450 డిగ్రీల కొలిమిలో రాత్రంతా కాల్చాలి. ప్లాస్టిక్ పిపెట్ టిప్పులు వాడొద్దు, పారాఫిల్మ్ అసలు చుట్టొద్దు. అందులోని మైనం హైడ్రోకార్బన్ శిఖరాల వరసగా వచ్చి కూర్చుంటుంది.

డెల్టా13

జీసీ-ఎంఎస్ సరిపోతుందా అన్నదానికి జవాబు: కొవ్వు ఉందో లేదో, ఎంత ఉందో, ఏ ఆమ్లాలో తెలుసుకోవడానికి చాలు. పాలా, మాంసమా అన్న మీ ప్రశ్నకు మాత్రం చాలదు. వెన్నను గుర్తుపట్టించే సీ4 నుంచి సీ10 దాకా ఉన్న చిన్న ఆమ్లాలు నీటిలో కరిగేవి, మట్టిలో ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటాయి. మిగిలేవి పామిటిక్ (సీ16), స్టియరిక్ (సీ18). ఇవి అన్ని జంతువుల్లోనూ ఉన్నాయి. వీటిలో కార్బన్-13 ఎంతుందో విడివిడిగా కొలవాలి. దానికి జీసీకి ఐసోటోప్ మెషిన్ తగిలించిన సెటప్ కావాలి. అది అన్నిచోట్లా దొరకదు కాబట్టి ముందే మాట్లాడి పెట్టుకోండి. జీసీ-ఎంఎస్‌తో వడపోసి, కొవ్వు బాగా ఉన్న పెంకులనే అక్కడికి పంపితే ఖర్చు తగ్గుతుంది.

సూత్రం 1998లో డడ్, ఎవర్షెడ్ అనే పరిశోధకులు చూపించింది. పామిటిక్ ఆమ్లాన్ని పశువు శరీరం చాలావరకు సొంతంగా తయారుచేసుకుంటుంది. పొదుగు మాత్రం స్టియరిక్‌ను తయారుచేయలేదు, మేతలోంచి నేరుగా వచ్చిన సీ18ను రక్తంలోంచి తీసుకుంటుంది. మొక్క కొవ్వులో కార్బన్-13 తక్కువ, అందుకే పాలలోని స్టియరిక్ విలువ బాగా కిందికి పోతుంది. స్టియరిక్ విలువలోంచి పామిటిక్ విలువ తీసేస్తే వచ్చే తేడాను పెద్ద డెల్టా అంటారు. −3.1‰ (వెయ్యికి వంతుల్లో కొలత) కంటే కిందికి ఉంటే పాలు. −1.0, −3.1 మధ్య ఉంటే నెమరువేసే జంతువుల మాంసకొవ్వు. −1.0 కంటే పైన ఉంటే పంది లాంటి నెమరువేయనివి, లేదా మొక్కలు.

దక్కనులో దీనికి ఒక ప్రత్యేక లాభం ఉంది. ఇక్కడి ఎండగడ్డి చాలావరకు సీ4 జాతి (పైన చెప్పిన సీ4 ఆమ్లం కాదు; గాలిలోని కార్బన్‌ను పట్టే పద్ధతిని బట్టి మొక్కల్ని సీ3, సీ4 అని విడదీస్తారు). అది మేసిన పశువు కొవ్వులో రెండు ఆమ్లాల విలువలూ కలిసి సున్నా వైపు జరుగుతాయి. ఐరోపా పశువుల విలువలతో గీసిన గ్రాఫ్ మీద మీ చుక్కలు పెడితే ఎక్కడో బయట పడతాయి, కంగారు పడొద్దు. మేత మారినా తేడా పెద్దగా మారదు కాబట్టి పెద్ద డెల్టానే నమ్మండి. లిబియాలోని తకర్కోరి పెంకుల్లో పాలను 2012లో ఈ తేడాతోనే తేల్చారు. అక్కడా రకరకాల మేతే.

లెక్క ఒకటి చూపిస్తాను, ఇక్కడ తరచూ తప్పు జరుగుతుంది. మీరు కొలిచేది ఆమ్లాన్ని కాదు, దాని మిథైల్ ఎస్టర్‌ను. మిథనాల్ నుంచి ఒక కార్బన్ అదనంగా చేరింది, దాన్ని తీసేయాలి. ఉదాహరణకు కార్బన్-13 విలువలు మిథనాల్ −40, పామిటిక్ ఎస్టర్ −23.4, స్టియరిక్ ఎస్టర్ −27.6 అనుకోండి. పామిటిక్: 17ను −23.4తో గుణించి, 40 కలిపి, 16తో భాగిస్తే −22.4. స్టియరిక్: 19ను −27.6తో గుణించి, 40 కలిపి, 18తో భాగిస్తే −26.9. తేడా −4.5, స్పష్టంగా పాలు. సవరించకపోతే −4.2 వచ్చేది. ఇక్కడ తీర్పు మారలేదు గానీ, −3 దగ్గర ఉన్న పెంకులో ఆ 0.3 తేడా తీర్పును అటునుంచి ఇటు నెట్టేస్తుంది. మెషిన్ కచ్చితత్వం కూడా దాదాపు అంతే కాబట్టి ప్రతి శాంపిల్ రెండుసార్లు నడపండి. −2.9, −3.2 లాంటివి వస్తే ఏదో ఒక గడిలో వేయకుండా అనిశ్చితం అనే రాయండి. వాడిన మిథనాల్ సీసా బ్యాచ్ నంబరు దాచుకోండి, దాని ఐసోటోప్ విలువ కూడా కొలవాలి.

అసలు చిక్కు మిశ్రమాలది. ఒకే కుండలో ఒకరోజు పాలు, ఇంకోరోజు పంది మాంసం వండితే సగటు వచ్చి ఆవు మాంసం గడిలో పడుతుంది. సింధు నాగరికత పెంకుల మీద 2021 నాటి పనిలో ఇదే ఎదురైంది. రాఖీగఢీ, ఫర్మానా, ఆలంగీర్‌పూర్ వంటి చోట్ల నుంచి పెంకులు తీసుకున్నారు. నెమరువేయని జంతువుల కొవ్వు గడిలో చాలా పడ్డాయి, కానీ ఆ స్థలాల్లో పంది ఎముకలు చాలా కొద్ది. అంటే కొన్ని నిజంగా పందివి కావచ్చు, కొన్ని సీ3 మొక్కలూ సీ4 మేత పశువుల కొవ్వూ కలిసి అలా కనిపించి ఉండొచ్చు. అదే కాలపు కచ్ఛ్‌లోని కోటడా భడ్లీ పెంకుల్లో (2020) పాలు స్పష్టంగా కనిపించాయి. మీ ఎముకల పట్టిక, మొక్కల అవశేషాల పట్టిక పక్కన పెట్టుకుని చదవకపోతే ఈ అంకెలు ఎటైనా లాగుతాయి.

ఉలవచారు

స్టార్చ్ అన్నీ చెబుతుందన్నది నమ్మకండి. ఫర్మానా కుండ పెంకులు, పళ్ల మీది గార నుంచి పసుపు, అల్లం, వంకాయ స్టార్చ్ రేణువులు దొరికాయన్న మాట నిజమే, అందుకే ఈ ఆశ. కానీ ఉడికిన స్టార్చ్ ఉబ్బి ఆకారం కోల్పోతుంది. బాగా ఉడికించే వంటలో గుర్తుపట్టే రేణువులు మిగలడమే తక్కువ. పైగా ల్యాబ్ గాలిలో, టిష్యూ కాగితంలో, ముఖ్యంగా పౌడర్ ఉన్న రబ్బరు గ్లోవ్స్‌లో మొక్కజొన్న స్టార్చ్ నిండా ఉంటుంది. మొక్కజొన్న అమెరికా నుంచి వచ్చిన పంట కాబట్టి దాన్నయితే పట్టేస్తాం. గోధుమ, వరి పిండి ధూళి వచ్చిపడితే పట్టడం కష్టం. చేయించాలనుకుంటే కడగని పెంకులే ఇవ్వండి, పౌడర్ లేని నైట్రైల్ గ్లోవ్స్ వాడండి. టేబుల్ మీద తెరిచిన స్లైడ్ ఒకటి రోజంతా ఉంచి, అందులో ఏం పడిందో లెక్కపెట్టండి.

కొవ్వు పరీక్షకున్న గుడ్డితనం కూడా చెప్పాలి. దక్షిణ కొత్త రాతియుగపు వాళ్ల తిండి అండుకొర్ర, ఉలవ, పెసర అని కాలిన గింజలు చెబుతున్నాయి. వీటిలో కొవ్వు బహు కొద్ది. పదిసార్లు ఉలవలు ఉడికించి ఒక్కసారి మాంసం వండినా, గోడలో కనిపించేది మాంసమే. 'ఈ కుండలో గింజలు వండలేదు' అని ఈ పరీక్ష మీద ఆధారపడి ఎప్పుడూ రాయకండి. వరిగకు మిలియాసిన్ అనే గుర్తు ఉంది, 2016లో దాన్ని కుండల్లో పట్టుకున్నారు. చిరుధాన్యాలన్నిటికీ అది గుర్తు కాదు, కొర్ర, అండుకొర్రల కోసం దాన్ని వెతుకుతూ కూర్చోవద్దు. ఆకుకూరలు కొంత నయం. క్యాబేజీ కుటుంబపు ఆకు మైనంలోని సీ29 ఆల్కేన్, దాని కీటోన్ కలిసి వస్తే పట్టొచ్చు.

పాలు ఏ జంతువువో కావాలంటే కొవ్వు చెప్పదు. ఆవు, గేదె, మేక అన్నీ ఒకే గడి. దానికి ప్రొటీన్ కావాలి. టర్కీలోని చాతాల్‌హోయుక్ పశ్చిమ దిబ్బ కుండల లోపలి గార నుంచి 2018లో పాల ప్రొటీన్‌తో పాటు బార్లీ, గోధుమ, బఠానీల ప్రొటీన్లు కూడా తీశారు. నీళ్లు గట్టివి కావడం అక్కడ కలిసొచ్చింది, కాగిన నీళ్ల నుంచి దిగిన గార ప్రొటీన్‌ను కప్పి కాపాడింది. మీ పెంకుల లోపల తెల్లగార ఉంటే గీకి పారేయకండి. చాకుతో 20–50 మిల్లీగ్రాములు తీసి చిన్న గొట్టంలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. కాకపోతే అది వంటప్పుడు పట్టిన గారా, పూడ్చాక మట్టిలో పేరుకున్న సున్నమా అన్నది చూసుకోవాలి. బయటి వైపూ, విరిగిన అంచు మీదా కూడా అదే పొర ఉంటే అది మట్టిదే.

పెంకులసంచి

చాలా ఉపయోగం. కడిగేసిన సగం సంగతి ఎవరూ చెప్పలేదు. ఉత్త నీళ్లతోనే కడిగారు, కొన్నింటికి మాత్రం మట్టిగడ్డ పోవడానికి పల్చటి ఆమ్లంలో ముంచారు. నంబర్లు రంగులేని గోళ్లరంగు పూసి దానిమీద రాశారు. ఇంకొక అనుమానం, బూడిద దిబ్బ అంటే పేడ బూడిద. పేడ కొవ్వే కుండల్లోకి ఇంకి ఉంటే?

గాజుకుప్పె

ఉత్త నీళ్లు పెద్ద ప్రమాదం కాదు, కొవ్వు నీళ్లలో కరగదు, గోడ లోపల ఉన్నది లోపలే ఉంటుంది. సబ్బు వాడి ఉంటే వద్దు. ఆమ్లంలో ముంచినవి పక్కన పెట్టేయండి. గోళ్లరంగు ఉన్న చోటుకు దూరంగా, గోడకు లోపలి వైపు నుంచే పొడి తీయండి. జిగురుతో అతికించినవి, గట్టిపడటానికి రెసిన్ పట్టించినవి అసలు తీసుకోవద్దు.

ప్లాస్టిక్ కవరు గుర్తులు జీసీ-ఎంఎస్‌లో దాక్కోవు. మాస్ 149 దగ్గర బలమైన అయాన్ ఉంటే థాలేట్ (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనం). డైబ్యూటైల్ థాలేట్ సరిగ్గా పామిటిక్ ఎస్టర్ పక్కనే వస్తుంది, రెండూ అతుక్కుంటే ఐసోటోప్ విలువ పాడైపోతుంది. అలాంటి పెంకును డెల్టా పరీక్షకు పంపి డబ్బు తగలేయొద్దు. కవరు ఒకదానికొకటి అంటుకోకుండా వాడే ఎరుకమైడ్ కూడా కనిపిస్తుంది. స్క్వాలీన్, కొలెస్టరాల్ రెండూ కలిసి వస్తే అది మనవాళ్ల వేళ్ల జిడ్డు. స్క్వాలీన్ త్వరగా చెడిపోయే పదార్థం, వేల ఏళ్లు నిలవదు. అది ఉందంటే ఈమధ్య చేతులు తగిలినట్టే. ఇకమీదట తవ్వేవాటికి అల్యూమినియం రేకు, దానిపైన కాగితం కవరు. సన్‌స్క్రీన్ పూసుకున్న చేతులతో అంచు ముక్కలు తీయొద్దని కుర్రాళ్లకు చెప్పండి.

ఒక సులువైన పరీక్ష ఉంది. నాలుగైదు పెంకుల్లో లోపలి వైపు పొడి, బయటి వైపు పొడి విడిగా తీసి కొలవండి. వంట కొవ్వు అయితే లోపల ఎక్కువ, బయటికి పోయేకొద్దీ తక్కువ. రెండు వైపులా సమానంగా ఉంటే అది మట్టి నుంచో కవరు నుంచో వచ్చింది.

పేడ అనుమానం సరైనదే. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు దిబ్బను (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు) పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు గిట్టల ముద్రలు కూడా దొరికాయి. అది పశువుల దొడ్డి, కాల్చింది పేడ అన్న వాదన అక్కడే గట్టిపడింది. కాలి బూడిదైనదాంట్లో కొవ్వు మిగలదు గానీ, సగం కాలిన పేడ పొరలుంటాయి. మేత తినే పశువు పేడకు 5-బీటా స్టిగ్మాస్టనాల్ అనే పదార్థం గుర్తు. దీనికి యాసిడ్ ఎక్స్‌ట్రాక్ట్ కాకుండా, సాల్వెంట్ (క్లోరోఫాం–మిథనాల్) ఎక్స్‌ట్రాక్ట్‌ను బీఎస్‌టీఎఫ్‌ఏ అనే రసాయనంతో 70 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి చూడాలి. మట్టి శాంపిల్‌లో అది బలంగా ఉండి పెంకులో లేకపోతే మీకు భయం లేదు. రెండింట్లో ఉంటే ఆ గుంటనే వదిలేయండి.

గ్రాముకు 5 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే ఆ పెంకును వ్యాఖ్యానించకండి. లెక్క సులువే: కొవ్వు ఆమ్లాల శిఖరాల మొత్తం సీ34 శిఖరానికి 3.2 రెట్లుంటే, 10 మైక్రోగ్రాములు వేశారు కాబట్టి గ్రాముకు 32.

డెల్టా13

5 అన్నది గీసిన గీత మాత్రమే. యాసిడ్ పద్ధతిలో ఖాళీ గొట్టంలోనే కొంత పామిటిక్, స్టియరిక్ వస్తాయి. మీ ఖాళీ గొట్టం 2 చూపిస్తే 6 వచ్చిన పెంకును కూడా నేను నమ్మను. ఖాళీ విలువకు ఎన్ని రెట్లుందో కూడా పట్టికలో ఒక వరస పెట్టండి. వేడి ప్రాంతపు పెంకుల్లో చాలావాటికి కొవ్వు గీత కిందే ఉంటుంది. 30లో 10 పనికొస్తే నిరాశ పడాల్సింది ఏమీ లేదు, ముందే బడ్జెట్‌లో అలా వేసుకోండి.

చేపల కోసం కూడా చూడండి, నదులు పక్కనే ఉన్నాయి కదా. బాగా కాగినప్పుడు అసంతృప్త ఆమ్లాల నుంచి ఆల్కైల్‌ఫినైల్ ఆమ్లాలు పుడతాయి. మాస్ 105తో పాటు 262, 290, 318, 346 ఎంచుకుని విడిగా నడపాలి, మామూలు స్కాన్‌లో కనపడవు. సీ18 వరకే ఉంటే దేని నుంచైనా రావచ్చు. సీ20, సీ22వి ఉండి, ఫైటానిక్ లాంటి ఐసోప్రినాయిడ్ ఆమ్లం కూడా ఉంటేనే చేప. ఫైటానిక్ ఒక్కటే చాలదు, అది ఆవు కొవ్వులోనూ ఉంటుంది.

పెంకులసంచి

రెండు పెంకుల లోపల నల్లటి మాడుపొర ఉంది. అది ఇంకిన కొవ్వు కంటే మంచి ఆధారమా? కార్బన్ డేటింగ్‌కు పంపొచ్చా?

ఉలవచారు

వేరే ఆధారం, అంతే. 2020లో అచ్చుపడిన ఒక ప్రయోగంలో మట్టికుండల్లో ఏడాది పాటు వంటలు మార్చి మార్చి వండి చూశారు. మాడుపొర చివరి వంటల్నే చూపించింది, గోడలో ఇంకిన కొవ్వు మాత్రం పాత్ర జీవితకాలపు వంటల కలయికను. రెండూ చేయిస్తే ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు. ముందు అది లోపలి వైపు మాడేనా, బయటి మసి కలిసిందా అన్నది చూడండి. మసి అంటే కట్టెల కార్బన్. పాత చెట్టు కట్టె అయితే తేదీ వెనక్కి పోతుంది.

డేటింగ్‌కు మాడును స్కాల్పెల్‌తో గీకి, పెంకు మట్టి కలవకుండా 10–20 మిల్లీగ్రాములు తీసి రేకులో చుట్టండి. అందులోంచి చిటికెడు కార్బన్, నైట్రోజన్ నిష్పత్తి కోసం ఉంచుకోండి. చేపల గుర్తులు వచ్చిన కుండ అయితే దాని మాడు వద్దు. నీటిలో కరిగిన పాత సున్నపు కార్బన్ చేప ఒంట్లోకి చేరి, తేదీ నిజం కంటే పాతగా వస్తుంది. అదే గుంటలోని ఉలవ గింజ తేదీ మేలు. ఇంకిన పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలనే విడదీసి తేదీ కట్టే పద్ధతి 2020లో వచ్చింది గానీ, దానికి మామూలు పరీక్షకు కావాల్సినదానికంటే చాలా ఎక్కువ కొవ్వు కావాలి, మీ పెంకుల్లో అంత ఉండకపోవచ్చు.

ఇంకొకటి, ఇదంతా పెంకును పాడుచేసే పరీక్ష. తవ్వకం లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ల నుంచి, శాఖ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే డ్రిల్లు పట్టండి. ఐసోటోప్ కోసం విదేశీ ల్యాబ్ అయితే 1972 పురావస్తు చట్టం కింద వేరే అనుమతి ఉంటుంది. దానికి సమయం పడుతుంది కాబట్టి జీసీ-ఎంఎస్ వడపోత మొదలుపెట్టిన రోజే ఆ దరఖాస్తు కూడా పెట్టేయండి.